తుడవని అంకె

నర్సక్క తిట్లు మరాఠీలో మొదలై తెలుగులో ముగిసేవి. మర్యాద మిగిలున్నంతసేపు మరాఠీ, అది అయిపోయాక తెలుగు. చంద్రపూర్ పక్కన మా బొగ్గు గనిలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా పాతికేళ్ళు పనిచేసిన నేను, మల్లేష్‌ని, ఆ రెండు భాషల్లోనూ తిట్లు తిన్నాను. తినాల్సినవాడినే. కానీ నాకంటే ముందు వరసలో నిలబడి తినాల్సిన పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని తప్పించుకున్నారు.

ఆమె పుట్టింది కోఠారిలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. నాలుగో తరగతి దాకా మరాఠీ బడికి పోయింది. ఇంట్లో, వీధిలో మాట్లాడేది తెలుగే అయినా, చదవమంటే ఒక్క తెలుగక్షరం రాదు. సంతకం మరాఠీలోనే చేసేది. ఆమెను రాజలింగుకు ఇచ్చి చేశారు. అతను కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి, మొదట మాజ్రి గనిలో తట్ట మోసి, తర్వాత మా గనిలో చేరి, పరీక్ష పాసై సర్దార్ అయ్యాడు.

సర్దార్ అంటే తలపాగా, కత్తి అనుకునేరు. గనిలో సర్దార్ చేసేది ఇది: షిఫ్టు మనుషులు దిగకముందే తాను దిగాలి. పని జరిగే ప్రతి చోటా పైకప్పు కర్రతో తట్టి చూడాలి, దీపం ఎత్తి గ్యాస్ ఉందా లేదా చూడాలి. బాగుంటే అక్కడే బొగ్గు గోడ మీద సుద్దతో తేదీ, టైము, తన పేరులో రెండక్షరాలు రాయాలి. ఆ రాత చూసుకున్నాకే మనుషులు పార ఎత్తుతారు. కంప్యూటర్లు రాకముందు మా గనిలో నమ్మకమంటే ఆ సుద్ద గీతలే.

రాజలింగుకు ఒక పద్ధతి ఉండేది. గోడ దగ్గరికి పోగానే ముందు నిన్నటి రాతను అంగీ కుడిచేతితో తుడిచేసేవాడు. ఆ తర్వాతే దీపం ఎత్తేవాడు. మిగతా సర్దార్లు ముందు అన్నీ చూసి, ఆఖరున పాత తేదీ చెరిపి కొత్తది వేసేవాళ్ళు. రెంటికీ తేడా ఏముంది అని నేనూ ఒకసారి అడిగాను. "నడుమ ఎవడన్న పిలుస్తడు, నీళ్ళు అడ్డమొస్తయి, దీపం ఆరుతది. సూసుడు పూర్తి కాదు. పాత రాత గోడకు అట్లనే ఉంటది. దాన్ని సూసి మంది లోపలికి పోతరు," అన్నాడు. ముందే తుడిచేస్తే, చూడటం పూర్తికానప్పుడు గోడ ఖాళీగా ఉంటుంది. ఖాళీ గోడ కనబడితే ఎంత మొండివాడైనా ఆగుతాడు. సుద్దా బొగ్గూ కలిసిన మరకను ఆ అంగీ చేతి మీద నుంచి వదలగొట్టలేక నర్సక్క ఉతికే బండ దగ్గర మొగుణ్ణి రోజూ శాపనార్థాలు పెట్టేది.

ఎనభై తొమ్మిదిలో పైకప్పు కూలి రాజలింగు పోయాడు. ఆయన ఉద్యోగం కింద నర్సక్కకు పని ఇచ్చారు. పని అంటే ఎండలో బొగ్గులోంచి రాళ్ళు ఏరడం. చంద్రపూర్ ఎండ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఏడేళ్ళు ఏరింది. మోకాళ్ళు అరిగిపోయాయి. లేస్తే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. తొంభై ఆరులో ఆమెకు కంట్రోల్ రూమ్‌లో కుర్చీ దొరికింది. ఆ కుర్చీ ఆమెకు ఎంత ముఖ్యమో మీరు గుర్తు పెట్టుకోవాలి. మోకాళ్ళకు ప్రాణం వచ్చింది. అంతకంటే, లోపలికి పోయే మనుషులను చూసుకునే పని చేతికొచ్చింది. రాజలింగు చేసిన పనిలో సగం తనే చేస్తున్నట్టు ఆమె లెక్క.

ఆ కుర్చీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఆ రోజుల్లో దేశం తలుపులు బార్లా తెరిచిందని పేపర్లన్నీ ఒకటే ఊదర. ఆ తెరిచిన తలుపుల్లోంచి మా గనికి ఒక కంప్యూటరు వచ్చింది. లోపల మూడు చోట్ల గ్యాస్ కొలిచే మిషన్లు పెట్టారు. వాటి నుంచి కేబుల్ పైకి వచ్చి, కంప్యూటరులోని ఒక కార్డుకు తగులుతుంది. తెర మీద మూడు అంకెలు వెలుగుతుంటాయి, హద్దులో ఉంటే పచ్చగా, దాటితే ఎర్రగా. గాలిలో గ్యాస్ నూటికి ఒకటిం బావు దాటితే సైరన్ మోగుతుంది, అందరూ బయటికి వచ్చేయాలి. అర్ధగంటకోసారి ఆ మూడు అంకెలను రిజిస్టరులో ఎక్కించడానికి ఒక మనిషి కావాలి. "అంకెలు ఎక్కించే దానికి మొగోడు ఎందుకు దండగ, ఆ ముసల్దాన్ని కూసోబెట్టండి," అన్నాడు మా మేనేజరు బాపురావు, మరాఠీలో. ఆ ముసల్దానికి అప్పుడు నలభై నాలుగేళ్ళు.

బాపురావు గురించి ఒక్క ముక్క. రాజురా పక్క పల్లెలో మనలాంటి తెలుగు ఇంట్లోనే పుట్టాడు. ఆఫీసులో మాత్రం తెలుగు తన చెవిని కూడా తాకలేదన్నట్టు మరాఠీ, ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. కొత్తగా ట్రైనీగా వచ్చినప్పుడు రాజలింగు వెనకాల దీపం పట్టుకుని తిరిగి పని నేర్చుకున్నవాడే.

ఆ కంప్యూటరు సంగతి కాస్త వివరంగా చెప్పకపోతే మీకు వీళ్ళ నీచత్వం అర్థం కాదు. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ అని ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటుంది. కార్డుతో, తెరతో, సైరన్‌తో అది నేరుగా మాట్లాడలేదు. ఒక్కోదానికి ఒక్కో చిన్న ప్రోగ్రాం కావాలి. వాటినే డ్రైవర్లు అంటారు. మా దాంట్లో ఒకదాని మీద ఒకటి రెండు ఉండేవి. కింది డ్రైవరు కార్డును అడిగి అంకె తెచ్చి ఒక గడిలో పెడుతుంది. పై డ్రైవరు ఆ గడిలోంచి అంకె తీసుకుని తెరకూ సైరన్‌కూ అందిస్తుంది. అంతే. నాలుగో తరగతి నర్సక్కకు ఒక్క పూటలో అర్థమైంది. అర్థం కానిది దాన్ని తయారుచేసినవాళ్ళకే.

ఎందుకంటే ఈ రెండు ముక్కలూ ఒకడు చేసినవి కావు. చవకగా వస్తుందని టెండరును రెండుగా చీల్చారు. కార్డూ, కింది డ్రైవరూ హైదరాబాద్ కంపెనీవి. పై డ్రైవరూ, తెరా పూణే కంపెనీవి. హైదరాబాద్ నుంచి రామనాథం అని ఒక ఇంజనీరు వచ్చేవాడు. చేతి రుమాలు పరిచి గానీ మా కుర్చీల్లో కూర్చునేవాడు కాదు. పూణే నుంచి సంజీవ్. వాడు మా నీళ్ళు తాగేవాడు కాదు, సీసా తెచ్చుకునేవాడు. ఇద్దరూ ఒకే రోజు వచ్చింది నేను ఒక్కసారే చూశాను, అదీ విచారణ రోజున.

తొంభై ఎనిమిది ఆగస్టు. వాన ముసురు పట్టి గని దారంతా నల్ల బురద. నర్సక్క రెండు రోజులు సెలవు పెట్టి కోఠారికి పోయి, ఆ పొద్దున ఆరు గంటలకు డ్యూటీకి వచ్చింది. వచ్చి రిజిస్టరు తిరగేసింది. ఒకటో నంబరు, రెండో నంబరు పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. లోపల చిట్టచివర ఉన్న మూడో నంబరు మాత్రం మొన్న మధ్యాహ్నం నుంచి సున్నా పాయింట్ నాలుగు. ప్రతి అర్ధగంటకూ అదే. మిగతా ఇద్దరు ఆపరేటర్లు కళ్ళు మూసుకుని ఎక్కించుకుంటూ పోయారు. రెండు పేజీలు నిండా ఒకటే అంకె రాస్తూ ఒక్కడికీ చెయ్యి ఆగలేదు, సిగ్గు లేకపోతే సరి!

అదే సమయానికి లోపలికి గాలి తోసే పెద్ద ఫ్యాను బెల్టు మార్చడానికి ఇరవై నిమిషాలు ఆపారు. లోపల మనుషులెవరూ లేరు, రాత్రి షిఫ్టు పైకి వచ్చేసింది. ఫ్యాను ఆగితే గ్యాస్ పెరగాలి. ఒకటో నంబరు పెరిగింది, రెండోది పెరిగింది. మూడోది కదల్లేదు. నర్సక్క బాపురావు ఇంటికి ఫోన్ చేసింది. ఆమె మాటలు నేను తర్వాత ఆమె నోటితోనే విన్నాను.

"సాబ్, మూడో నంబరు కదుల్తలేదు."

"ఎంత చూపిస్తోంది?" బాపురావు మరాఠీలో అడిగాడు.

"పాయింట్ నాలుగు."

"మంచిదే కదా. రాసుకో."

"మంచిదే సాబ్, కానీ ఎప్పటి మంచిది? మొన్న పగటికెల్లి గదే ఉన్నది. పంకా ఆగితె కూడ పెరగలే."

"పచ్చగా ఉందా, ఎర్రగా ఉందా?"

"పచ్చగనే ఉంది."

"పచ్చగా ఉంటే నా నిద్ర ఎందుకు చెడగొడతావు? ఆ కంప్యూటరు కంటే నీకు ఎక్కువ తెలుసా?"

ఫోన్ పెట్టేశాడు. ఆమె నాకు కబురు పంపింది. నేను గొడుగు లేకుండా తడుస్తూ పోయాను. తెర మూలన చిన్న డబ్బా ఒకటి తెరుచుకుని ఉంది, ఇంగ్లీషులో. నేను అలవాటుగా చెయ్యి చాపి ఓకే నొక్కబోయాను. నర్సక్క నా మణికట్టు పట్టుకుంది.

"గిదేంది తమ్మీ?"

"గదేం లేదక్కా. దినాం వస్తది. ఓకే కొడితె పోతది."

"దినాం అంటె ఎన్నొద్దులకెల్లి?"

"తొమ్మిది."

"ఏం రాసున్నది అండ్ల?"

చదివి చెప్పాను. పరికరం జవాబివ్వలేదు అని రాసి ఉంది. ఆమె ఆ డబ్బా వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"జవాబు లేదు, జవాబు లేదు అని అది తొమ్మిది దినాలకెల్లి మొత్తుకుంటున్నది. నువ్వు మంచిది, మంచిది అని కొడ్తున్నవా? థూ, నీ సదువు మన్నుగాను!"

మొదటి రోజే రామనాథానికి ఫోన్ చేశాను. "అది ఉత్త వార్నింగ్ అండీ, ఓకే నొక్కేయండి," అన్నాడు. సంజీవ్‌కు చేశాను. "ఆ డబ్బా మాది కాదు, కింది డ్రైవరు వాళ్ళది," అన్నాడు. నా దగ్గర లోపాల పుస్తకం ఉంది, అందులో రాసి మేనేజరు సంతకం తీసుకోవాలి. రాస్తే నా నెత్తిన పడుతుంది, ఎందుకొచ్చిన గోల అని రాయలేదు. మొదట్లో డబ్బా అప్పుడొకటి అప్పుడొకటి, నర్సక్క లేని షిఫ్టుల్లోనే వచ్చేది, అంకె కూడా కదిలేది. చివరి రెండు రోజులు అంకె పూర్తిగా ఆగిపోయింది. నేను మాత్రం ఓకే నొక్కుతూనే ఉన్నాను.

అప్పటికి ఎనిమిది కావస్తోంది. నూట నలభై మంది టోపీలు పెట్టుకుని, దీపాలు నడుముకు కట్టుకుని గని నోటి దగ్గర చేరారు. ముందు ముప్పై మంది దిగడం మొదలుపెట్టారు కూడా. ఆ పొద్దున కొత్త రూలు ప్రకారం సర్దార్ గట్టయ్య మూడో నంబరు దగ్గరికి పోలేదు. అక్కడ మిషను చూస్తోంది కదా, మళ్ళీ మనిషెందుకని ఆ నెలలోనే ఆఫీసు కాగితం పంపింది. నర్సక్క కిటికీలోంచి ఆ మనుషులను చూసింది. సైరన్ పెట్టె దగ్గరికి కుంటుకుంటూ పోయి, అద్దం మూత తీసి, చేత్తో నొక్కింది.

ఒకటిం బావు దాటితే తప్ప దాని మీద చెయ్యి వేయకూడదని రాతపూర్వకంగా ఉంది. తెర మీద పచ్చగా పాయింట్ నాలుగు ఉండగా ఆమె నొక్కింది. దిగినవాళ్ళు పరుగున పైకి వచ్చారు. ఆ షిఫ్టు పని మొత్తం పోయింది.

ఇక చూడాలి పెద్దల హడావిడి! గ్యాస్ ఎంత ఉందో చూడటానికి ఒక్కణ్ణీ పంపలేదు. సైరన్ ఎవరు నొక్కారు, ఎవరిని అడిగి నొక్కారు, పై ఆఫీసుకు ఏమని చెప్పాలి, ఇదే పంచాయితీ మూడు గంటలు. పదకొండింటికి గట్టయ్యను దీపంతో పంపారు. అప్పటికి ఫ్యాను నాలుగున్నర గంటలుగా తిరుగుతోంది. అతను చూసేసరికి పాయింట్ ఆరు. హద్దుకు లోపే. మూడో నంబరు కేబుల్ మాత్రం పైకప్పు నుంచి పడ్డ బండ కింద నలిగి రెండు ముక్కలై ఉంది. పాయింట్ నాలుగు అన్నది ఎవరూ కొలవని అంకె. "ఫ్యాను ఆగినప్పుడు గక్కడ ఎంతుండెనో దేవునికే ఎరుక," అన్నాడు గట్టయ్య. అది ఎవరూ కాగితం మీద పెట్టలేదు. నర్సక్కకు ఛార్జిషీటు ఇచ్చారు: తెర మీద ఏ సూచనా లేకుండానే, సొంత ఊహతో సైరన్ మోగించి ఉత్పత్తికి నష్టం కలిగించింది. తేలితే ఉద్యోగమే పోవచ్చు.

విచారణ సెప్టెంబరులో, గణపతి నిమజ్జనం అయిన మూడో రోజు. బాపురావు గదిలో పెద్ద బల్ల. ఒక పక్క రామనాథం రుమాలు పరుచుకుని, ఎదురుగా సంజీవ్ సీసా పెట్టుకుని. నర్సక్కకు కుర్చీ వేయలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. నేను సాక్షిని.

"మా డ్రైవర్ తన బాధ్యత తాను నిర్వర్తించిందండీ," రామనాథం మొదలుపెట్టాడు. "కార్డు నుంచి జవాబు రాలేదు. రాలేదని ఎర్రర్ కోడ్ పైకి పంపాం. ఆ కోడ్ చూసుకోవాల్సింది పై డ్రైవర్. వాళ్ళు చూసుకోకపోతే మేమేం చేస్తాం?"

సంజీవ్ హిందీలో ఎగిరాడు. "కోడ్ పంపారు సరే, గడిలో పాత అంకెను ఎందుకు వదిలేశారు? గడిలో అంకె ఉంటే మేం తీసుకుంటాం. అది కొత్తదో పాతదో మాకెలా తెలుస్తుంది?"

"కోడ్ చూస్తే తెలుస్తుంది."

"జవాబు రాకపోతే ఇంకోసారి అడగాల్సింది మీరు."

"ఎన్నిసార్లు అడగాలో నిర్ణయించేది పైవాళ్ళు."

ఇద్దరూ సంచుల్లోంచి పుస్తకాలు తీశారు. రెండింట్లోనూ ఒకటే వాక్యం ఉంది: లోపాలను తగిన స్థాయిలో పరిష్కరించవలెను. తగిన స్థాయి అంటే కింద అని వీడు, పైన అని వాడు. అరగంట సేపు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని చెరో వైపు పీక్కున్నారు. ఏమాటకామాట, ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం చెట్టపట్టాలేసుకున్నారు. ఆపరేటర్‌కు కంప్యూటర్ జ్ఞానం లేకపోవడం దురదృష్టకరం అని ఇద్దరూ తలూపారు. రామనాథం ఆమె వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, ఇవన్నీ చాలా క్లిష్టమైన విషయాలు. నీకు చెప్పినా అర్థం కావు."

నర్సక్క గోడ వదిలి ముందుకు వచ్చింది. మరాఠీ లేదు, నేరుగా తెలుగే.

"అయితయి సారూ, మంచిగనే అయితయి. కిందోడు నాకు దెల్వదన్నడు. అని ఊకున్నడు, పాత రాత తుడ్వలే. మీదోడు దెల్వదన్న మాట ఇనలే, పాత రాత సూసి సంబరపడ్డడు. మా ఆయన సదువుకున్నోడు గాదు. కానీ గోడకాడికి పోంగనే ముంగట నిన్నటిది తుడిచేటోడు, తర్వాత దీపం ఎత్తేటోడు. సూసుడు కాకుంటె గోడ ఖాళీ. గంతే కదా సారూ మీ ఇద్దరు జెయ్యాల్సింది? కిందోడు తుడ్వాలె, మీదోడు గోడ ఖాళీ ఉంటె మందిని ఆపాలె. దీనికి గిన్ని పుస్తకాలా? మీ అసొంటోళ్ళు దీపం పట్టుకుంటె మేం ఎప్పుడో సచ్చేటోళ్ళం."

రామనాథం రుమాలు సర్దుకున్నాడు. సంజీవ్ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. బాపురావు ఆమె వంకే చూస్తూ, చాలా నెమ్మదిగా, "నాకెరుకే అక్కా, ఆయన ఎంబడే తిరిగిన," అన్నాడు. తెలుగులో! ఆ గదిలో ఆ మనిషి నోట తెలుగు వినడం అదే మొదలు. ఇక తేలిపోయింది, ఆమెను వదిలేస్తాడు అనుకున్నాను. అతను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మరాఠీలోకి మారిపోయి, నా వైపు తిరిగాడు.

"మల్లేష్, ఇక ఒకటే తేలాలి. సైరన్ నొక్కే ముందు తెర మీద ఏదైనా సూచన ఉందా? ఆ డబ్బా అంతకుముందు కూడా వచ్చేదా? నువ్వు చూశావా?"

ఛార్జిషీటు మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. ఉంది సాబ్, తొమ్మిది రోజులుగా వస్తోంది, నేనే ఓకే నొక్కాను, పుస్తకంలో రాయలేదు. ఇంతే చెప్పాలి. చెబితే ఆమె సొంత ఊహతో నొక్కలేదని తేలుతుంది, నర్సక్క తన కుర్చీలోకి పోతుంది. ఆమె నా వైపు చూడను కూడా లేదు. నేను చెబుతానన్న విషయంలో ఆమెకు అనుమానమే లేదు.

"నా పని కేబుల్ దాకనే సాబ్," అన్నాను. "తెర మీద వచ్చేది నా కిందికి రాదు."

అబద్ధం కాదు. నా డ్యూటీ కాగితంలో అలాగే ఉంది. రామనాథం మెచ్చుకోలుగా తలాడించాడు. ఆ తలాడింపు నాకు ఇప్పటికీ గుర్తొస్తే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపిస్తుంది. బాపురావుకు కావలసింది అదే. హాయిగా రాసుకున్నాడు. తప్పు ఏ కంపెనీదీ కాదు, ఏ మిషనుదీ కాదు, ఆపరేటరు తొందరపాటు. అయితే దయతలచి ఉద్యోగం తీయలేదు. సైరన్ మీద పొరపాటున చెయ్యి తగిలిందని రాసి సంతకం పెడితే కుర్చీ కూడా ఉంచుతానన్నాడు. కాగితం మరాఠీలోనే ఉంది. నర్సక్క వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొత్తం చదివింది.

"చెయ్యి తగల్లే సాబ్. నేనే ఒత్తిన," అని కాగితం బల్ల మీద పెట్టేసింది.

మర్నాటి నుంచి ఆమెను క్యాంటీన్‌లో వేశారు. ఎనిమిది గంటలు కాళ్ళ మీద నిలబడి చాయ్ పోసే పని, ఆ మోకాళ్ళతో.

డిసెంబరులో రెండు కంపెనీల నుంచీ కొత్త ఫ్లాపీలు వచ్చాయి. ఎక్కించింది నేనే. ఇప్పుడు కార్డు నుంచి జవాబు రాకపోతే కింది డ్రైవరు ముందు గడిని ఖాళీ చేస్తుంది. పై డ్రైవరు ఖాళీ గడిని చూస్తే తెర మీద అంకె బదులు రెండు గీతలు వేసి గంట మోగిస్తుంది. ఒకటీ తక్కువ కాదు, రెండూ ఎక్కువ కాదు, ఆ రోజు నర్సక్క చెప్పిందే. రెండు కంపెనీలూ దీనికి మెరుగుపరిచిన వెర్షన్ అని పేరు పెట్టి గనికి ఉత్తరాలు రాశాయి. ఆమె పేరు వాటిలో ఎక్కడుంటుంది!

ఇంకా సిగ్గుమాలిన సంగతి ఉంది. జనవరిలో భద్రతా వారోత్సవం జరిగింది. కంప్యూటరులో లోపాన్ని సకాలంలో గుర్తించినందుకు అని మైకులో నా పేరు పిలిచారు. ఎవరో ఒకరికి ఇవ్వాలి కదా, కొత్త ఫ్లాపీలు ఎక్కించినవాడు నేను. బాపురావు చేతుల మీదుగా పెద్ద స్టీలు టార్చి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. నేను తీసుకున్నాను. వద్దనడానికి నోరు ఎక్కడిది, అది సెప్టెంబరులోనే పడిపోయింది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌కు పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. టార్చి ఆమెకు ఇచ్చేద్దామనే అనుకున్నాను. నాలుగు నెలలుగా ఆమె నాకు చాయ్ పోస్తూనే ఉంది, ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. వరసలో నా వంతు వచ్చింది. టార్చి గల్లా పక్కన పెట్టాను.

"ఇది నీదక్కా," అన్నాను.

ఆమె చేతిలోకి తీసుకుని, మీట నొక్కి చూసి, నాకే ఇచ్చేసింది.

"నాకెందుకు తమ్మీ, నేను సీకట్ల తిరుగుతనా? ఒక్కటి అడుగుత, సెప్పు. ఆ దినం నేను సూసిన సాబ్ అని నువ్వంటె, నిన్నేం జేసెటోళ్ళు?"

వెనక వరసలో పదిమంది ఉన్నారు. నేను గొంతు తగ్గించాను. "నాక్కూడ ఛార్జిషీటు ఇచ్చెటోళ్ళక్కా."

"ఇచ్చి?"

"పది దినాలు ఇంట్ల కూసోబెట్టెటోళ్ళు."

ఆమె ఇంకా వింటూనే ఉంది. ఇంకా పెద్దది ఏదో ఉంటుందని, ఉద్యోగమో, జైలో, నా పిల్లల నోటికాడి కూడో ఉంటుందని, నాకోసం ఇన్నాళ్ళూ ఆమె తన మనసులో ఏదో ఒక కారణం వెతికి పెట్టుకుందని నాకు అప్పుడు అర్థమైంది. చెప్పడానికి ఇంకేమీ లేదు.

"గంతేనా?" అంది నర్సక్క.

తర్వాత నా భుజం మీదుగా వెనకవాడి వైపు చూసి, ఎన్ని చాయ్‌లు అని అడిగింది.